వంటింట్లో గుర్రం

1986 జులై 7, సోమవారం

మనవరాలు ఫిలోమిన పరుపు కింద అద్దె నవల దొరికింది. అట్ట మీద కారు, కారుకు ఆనుకుని నల్లకళ్ళద్దాల మనిషి. కొడుకూ కోడలూ వెల్దుర్తి బడిలో పాఠాలు చెప్పుకుంటూ, పిల్ల ఇంటర్ చదువుకు నరసరావుపేట అయితే బాగుంటుందని నా దగ్గర ఉంచారు. పిల్ల చదువుతున్నది ఇదీ.

నేనే పట్టుకెళ్ళి అబ్దుల్ మజీద్ కొట్లో బల్ల మీద పెట్టాను. మజీద్ మా మిషన్ బడిలో నా దగ్గర చదువుకున్నవాడే. లేచి నిలబడి, ఇది మంచి నవలేనని, చివరి పేజీలు ఎవరో చించుకుపోయారు గానీ చదివినవాళ్ళంతా మెచ్చుకున్నారని చెప్పాడు. చివరి పేజీలు లేని పుస్తకాన్ని అద్దెకు ఎలా ఇస్తావని అడిగాను.

"ఎట్టయిద్దో అందరికీ తెలిసిందే గదండీ టీచరమ్మగారూ," అన్నాడు.

మధ్యాహ్నం కన్యాస్త్రీల మఠానికి వెళ్ళాను. బడి నుంచి రిటైరయ్యాక నేను రాసిపెట్టే డిస్పెన్సరీ జమాఖర్చులు సరిపోయాయి. దూది ఒక కట్ట తేడా వస్తే ఆయా మార్తమ్మ బీరువా వెనక నుంచి తీసి ఇచ్చింది. రాసుకుంటూ ఉంటే పక్క గదిలో సిస్టర్ బ్రిజిట్ ఒక్కరే పకపకా నవ్వుతున్నారు. డెబ్బై దాటిన కన్యాస్త్రీ. తొంగి చూశాను. చేతిలో సన్నటి పుస్తకం. అట్ట మీద ఒక ఇంటి కిటికీలోంచి గుర్రం తల బయట పెట్టి చూస్తోంది.

ఇంట్లో ఒకతె అయింది, ఇక్కడ ఒకరు.

జులై 9

గుర్రం సంగతి నేను అడగలేదు. ఆవిడే చెప్పబోయారు. మందుల పద్దు రాసుకోవాలన్నాను.

జులై 18, శుక్రవారం

ఇవాళ తప్పలేదు, వినాల్సి వచ్చింది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. కన్యాస్త్రీ చేతిలో జపమాల ఉండాల్సిన వేళకు ఆ పుస్తకమేమిటని అడిగేశాను.

ఐర్లాండులో ఉన్న మేనగోడలు పార్శిలు పంపిందట. వాళ్ళ ఐరిష్ భాషలో రాసిన నవల. ఊళ్ళో ఫాదర్ గారికి ఒక పందెం గుర్రం ఉంటుంది. అది పోతుంది. సార్జెంటు ఊరంతా వెతుకుతూ ఉంటాడు. సార్జెంటంటే పోలీసు, "మన హెడ్డు లాంటోడులే" అన్నారు. ఆ గుర్రం ఉన్నది సార్జెంటు తల్లి పెగ్గీ ముసలమ్మ వంటింట్లో. తెర వెనక.

ఫాదర్ గారికి పందెం గుర్రమేమిటన్నాను. పుస్తకం మొత్తంలో నాకు తప్పుగా కనబడింది అదొక్కటేనా అని ఆవిడ మళ్ళీ నవ్వారు.

ఆవిడ తెలుగు కాన్పుల గదిలో నేర్చుకున్న తెలుగు. ఇక్కడికి వచ్చిన కొత్తలో మంత్రసానుల పక్కన కూర్చుని నేర్చుకున్నారు. నలభై ఏళ్ళ పాటు నేను సరిదిద్దినా మారలేదు.

"నువ్వు నవ్వవేందమ్మా? నీకు నవ్వితే పాపమా?" అన్నారు.

చదువుకున్నవాళ్ళు ఇలాంటివి చదవకూడదన్నాను. అప్పుడు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. చిన్నప్పుడు తమ బడిలో ఆ భాషలో ఉన్న పుస్తకాలన్నీ చావులూ, కరువులూ, సముద్రంలో మునిగిన పడవలూ, పునీతుల జీవితాలేనట. సరదాగా చదువుకోవాలంటే ఇంగ్లీషు పుస్తకం తీయాల్సిందే.

"ఏడవటానికి ఒక భాషా, నవ్వటానికి ఇంకో భాషా అయితే ఎట్టాగమ్మా? మా అమ్మ మాటలో నవ్వుకునే పుస్తకం నా చేతికొచ్చేసరికి నేను ముసలిదాన్నయ్యా."

నేను పద్దు పుస్తకం తెరిచాను. కరెంటు వచ్చింది.

ఆగస్టు 15, శుక్రవారం

మరియమాత మోక్షారోపణ పండుగ. పూజ తర్వాత మఠంలో భోజనం. సిస్టర్ బ్రిజిట్ చేయి చాపి, "నువ్వు... అది... అది ఇటియ్యి," అన్నారు. ఏదని అడిగితే చెప్పలేకపోయారు. నా పేరు కూడా అనలేదు, 'నువ్వు' అనే అన్నారు. ఉప్పు గిన్నె. ఉప్పు అన్న మాట రాలేదు.

ఎండ దెబ్బ అయి ఉంటుంది. ఆగస్టులో కూడా ఎండలు ఇలాగే ఉన్నాయి.

ఆగస్టు 24, ఆదివారం

ఎండ కాదట. ఆవిడే చెప్పారు. నర్సు పని చేసిన మనిషి, ఎవరో డాక్టరు వచ్చి చెప్పేదాకా ఆగలేదు. తలలో నరాలు చిన్నచిన్నగా దెబ్బ తింటున్నాయని, ఆఖరున నేర్చుకున్నది ముందు పోతుందని, పిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పారు.

"యూనా పోయింది గుర్తుందా నీకు?"

గుర్తుంది. సిస్టర్ యూనా కూడా వాళ్ళ దేశపు మనిషే, ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారు. ఆమె జబ్బుపడి పోయి చాలా కాలమైంది. మఠం వెనక సమాధుల తోటలో ఉంది.

"దానికి మొదట తెలుగు పోయింది. తర్వాత ఇంగ్లీషు పోయింది. చివరికి అమ్మ నేర్పిందే మిగిలింది. నేను పక్కన కూచుని మాట్టాడా. యూనాకి నేనున్నా. నాకెవరుంటారు టీచరమ్మా?"

దేవుడుంటాడన్నాను.

"ఆయనకేం, అన్నీ వచ్చు. నాకు మనిషి కావాల."

తర్వాత గుర్రం పుస్తకం నా ముందు పెట్టారు. నేను చదివి వినిపించాలట. ఒక్క ముక్క తెలియని భాష. అక్షరాలు ఇంగ్లీషువే అయినా పలికేది వేరు. ఒకసారి ప్రయత్నిస్తే ఆవిడ చెవులు మూసుకున్నారు. ఇది కుదరదని చెప్పి వచ్చేశాను.

ఇంటికి వచ్చి కూర కూడా మాడబెట్టాను. ఫిలోమిన ఆ మాడు కూరే తిన్నది.

ఆగస్టు 26

నాన్న గుర్తుకు వచ్చారు. రెంటచింతలలో ఆయన ఉపదేశి, గుడిలో జపాలూ పాటలూ నేర్పేవారు. ఆ రోజుల్లో పూజంతా లత్తీనులో, రోము భాషలో. ఊళ్ళో లత్తీను వచ్చినవాడు ఒక్కడు లేడు, ఆయనతో సహా. దొర ఫాదర్ పలుకుతుంటే విని, పుస్తకంలో లత్తీను వరుసల మధ్య పెన్సిలుతో తెలుగు అక్షరాలు రాసుకునేవారు. వాటిని చూసి మేం పిల్లలం పాటలన్నీ తప్పు లేకుండా పాడేవాళ్ళం. ఏమిటి పాడుతున్నామో ఎవరికీ తెలియదు. అర్థం అడిగితే, "వినేవాడికి తెలుసులే, నువ్వు సరిగా పలుకు," అనేవారు నాన్న.

పెన్సిలు చెక్కి సంచిలో పెట్టుకున్నాను. రేపు జమాఖర్చుల పని కూడా ఉంది కాబట్టి ఎలాగూ వెళ్ళాల్సిందే.

సెప్టెంబరు 10

రెండు వారాలుగా పని సాగుతోంది. ఆవిడ ఒక వరుస చదువుతారు. నేను ఆ వరుస పైన తెలుగులో రాస్తాను. తిరిగి చదువుతాను. సరిగా ఉంటే "మా హూ" అంటారు. ఏమిటని అడిగితే, అది తమ భాషలో శభాష్ అన్నారు. వాళ్ళ బడిలో టీచరు అనేవాడట.

నేను బడిలో ఎవరికీ శభాష్ చెప్పలేదు. చెబితే పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఆ మాట ఆవిడతో అంటే, "అందుకే మజీద్ నిన్ను చూస్తే ఇప్పటికీ లేచి నిలబడతాడు," అన్నారు.

కొన్ని శబ్దాలు గొంతు లోపలి నుంచి రావాలి, తెలుగు అక్షరాలకు అందవు. అక్కడ చుక్క పెట్టుకున్నాను. నలభై ఒకటో పేజీ చేరేసరికి ఆవిడ చదవలేకపోయారు. నవ్వు. సార్జెంటు అన్నానికి ఇంటికి వస్తాడు. తెర వెనక గుర్రం తుమ్ముతుంది. తల్లి, "నాకు జలుబు చేసిందిరా," అంటుంది. కొడుకు తన కోటు విప్పి ఆమెకు కప్పుతాడు. గుర్రం మళ్ళీ తుమ్ముతుంది. ఇంత జబ్బుగా ఉన్నావా అమ్మా అని వాడు డాక్టరు కోసం పరుగెత్తుతాడు.

ఇందులో నవ్వడానికి ఏముందో నాకు తెలియలేదు. ఆ తల్లి గుర్రాన్ని అసలు ఎందుకు దాచిందని మాత్రం అడిగాను. ఆఖరి అధ్యాయంలో ఉందట.

తెలుసుకోవాలని కాదు. రాసేటప్పుడు పనికొస్తుందని.

సెప్టెంబరు 22

మఠం పెద్ద సిస్టర్ త్రేస్యమ్మ పిలిచారు. సిస్టర్ బ్రిజిట్‌ను బెంగళూరు పంపితే అక్కడ ముసలి సిస్టర్లను చూసుకునే ఇల్లు ఉంది, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఉంటారు అన్నారు. ఆ మలయాళపు మనిషి కళ్ళలో నీళ్ళు ఉన్నాయి, ఆమెను తప్పు పట్టలేను. ఇంగ్లీషు కూడా పోతుందని చెప్పాను. మరి ఇక్కడ ఏముందన్నారు.

నేనున్నానని అన్నాను. అలా అన్నానని ఇంటికి వచ్చాక గుర్తుకొచ్చింది.

అక్టోబరు 3

ఇవాళ బాగానే ఉన్నారు.

అక్టోబరు 4

బాగానే ఉన్నారు. మార్తమ్మను యూనా అని పిలిచారు. అది పొరపాటు. ఎవరైనా పడతారు.

అక్టోబరు 17, శుక్రవారం

ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. రేపు రాసేద్దామన్నాను. ఆవిడ పుస్తకాన్ని దిండు కింద దాచుకున్నారు.

"చివరిది క్రిస్మస్‌కి. అప్పటిదాకా ఆగు. నోరూరుతుందా?"

నాకేం అక్కర్లేదన్నాను.

ఇంటికి వచ్చి ఫిలోమినను అడిగాను. ఇలాంటి కథల్లో తల్లి గుర్రాన్ని ఎందుకు దాస్తుందని. పిల్ల నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"నాయనమ్మా, నువ్వు నవల చదువుతున్నావా?"

లేదు, ఊరికే అడిగానన్నాను. అది చాపేసుకుని కూర్చుంది, ఏదో పెద్ద లెక్క ఇచ్చినట్టు ఆలోచించింది. గుర్రం దొరికిందంటే కేసు తేలిపోతుంది, కేసు తేలితే సార్జెంటుకు ప్రమోషనొస్తుంది, ప్రమోషనొస్తే వేరే ఊరికి పోతాడు, అందుకని దాచిందంది.

"వాళ్ళమ్మకి వాడు కళ్ళ ముందుండాల. అంతే నాయనమ్మా. ఇంకేముంటది?"

ఈ బుద్ధి ఫిజిక్సు మీద పెడితే బాగుండును. కానీ సబబుగానే ఉంది.

నవంబరు 2, ఆదివారం

సకల ఆత్మల పండుగ. సమాధుల తోటకు కొవ్వొత్తులు పట్టుకుని వెళ్ళాం. సిస్టర్ బ్రిజిట్ నా చేయి పట్టుకుని నడిచారు. యూనా సమాధి దగ్గర నిలబడి తమ భాషలో మాట్లాడడం మొదలుపెట్టారు. చాలాసేపు. నేను పక్కన ఉన్నాను. మధ్యలో నా వైపు తిరిగి అదే భాషలో ఏదో అడిగారు.

నాకు తెలియలేదమ్మా అన్నాను. మళ్ళీ అడిగారు. ఇంగ్లీషులో చెప్పాను. తెలుగులో చెప్పాను. ఇన్నాసమ్మనండీ, టీచరమ్మనండీ అన్నాను. నా మొహం వైపు చూస్తూనే ఉన్నారు. కోపం లేదు. సంతలో తప్పిపోయిన పిల్ల ఎవరి మొహం వైపైనా చూస్తుందే, అలా.

సంచిలో పుస్తకం ఉంది. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు, సమాధుల పండుగకు. అక్కడే అరుగు మీద కూర్చోబెట్టి మొదటి పేజీ తీశాను. పెన్సిలు అక్షరాలు చూసి చదివాను.

ఆ మొహాన్ని ఎలా రాయాలో తెలియదు. నేను రెండు వరుసలు చదివేసరికి నా మోకాలి మీద చేయి వేసింది. నాలుగో వరుసకు ఒక మాట సరిదిద్దింది.

వేసింది, సరిదిద్దింది అని రాశాను. 'ఆవిడ', 'వేశారు' అనాలి. ఈ మధ్య జారిపోతోంది. కొట్టేయను, ఉండనీ.

నవంబరు 20

రోజూ వెళ్తున్నాను. ఉదయం ఒక అధ్యాయం, సాయంత్రం ఒకటి. ఏం చదువుతున్నానో నాకు తెలియదు. ఎక్కడ నవ్వాలో తెలుసు, ఆమె నవ్వినచోట అంచున చిన్న గీత గీసుకున్నాను. ఇప్పుడు ఆ గీతల దగ్గరికి వచ్చేసరికి నా నోరు కూడా వంకర పోతోందట. మార్తమ్మ చెప్పింది. అబద్ధం.

డిసెంబరు 9

చలి. సిస్టర్ గదికి కంబళి ఇంకొకటి ఇప్పించాను. కొత్త గీతలు లేవు. పాతవాటి దగ్గర నవ్వుతోంది.

ఫిలోమిన కాలేజీ నుంచి నేరుగా మఠానికి వచ్చి నా పక్కన కూర్చుంటోంది. వద్దన్నాను. "నేను చదువుకోవటానికే వచ్చా," అని ఫిజిక్సు పుస్తకం తెరిచి పెట్టుకుంటుంది. పేజీ తిప్పదు. ఇవాళ నలభై ఒకటో పేజీలో గుర్రం తుమ్మేసరికి సిస్టర్‌తో పాటు అదీ నవ్వింది. నీకేం తెలుసని నవ్వావన్నాను. సిస్టర్ నవ్వుతుంటే నవ్వొచ్చిందంది.

డిసెంబరు 25, గురువారం

క్రిస్మస్. ఆఖరి అధ్యాయం ఇవాళ్టికని అనుకున్నాం. పుస్తకం ఆమె చేతికి ఇచ్చి, చదవమని సైగ చేశాను, పెన్సిలు చూపించాను. పుస్తకాన్ని తిరగేసి పట్టుకుంది. అట్ట మీది గుర్రాన్ని నాకు చూపించి సంతోషపడింది.

నేనే ప్రయత్నించాను. ఇన్నాళ్ళ అలవాటుతో, ఏ అక్షరానికి ఏ పలుకో ఊహించి, ఆఖరి అధ్యాయం మొదటి పేజీ చదివాను. ఆమె మొహంలో భయం కనిపించింది. నా నోటి మీద అరచెయ్యి పెట్టింది.

ఇక ఆ పేజీల జోలికి వెళ్ళను. పెగ్గీ ముసలమ్మ గుర్రాన్ని ఎందుకు దాచిందో నాకు అక్కర్లేదు.

1987 జనవరి 13

సిస్టర్‌కు కుడి పక్క పడిపోయింది. ఫాదర్ గారు వచ్చి, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకు నూనె పూసి ఇచ్చే అవస్థ అభ్యంగనం ఇచ్చారు. సిస్టర్ త్రేస్యమ్మ బెంగళూరు మాట ఇక ఎత్తలేదు.

జనవరి 14

చదివాను.

జనవరి 22

చదివాను. నవ్వలేదు. చూసింది.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఇప్పుడు మొత్తం పుస్తకం వినేంత ఓపిక లేదు. నలభై ఒకటో పేజీ ఒక్కటే చదువుతున్నాను. చదవడం కూడా కాదు, పుస్తకం ఒళ్ళో ఉంటుంది గానీ దాన్ని చూడనవసరం లేకుండా పోయింది. లత్తీను పాటలు కూడా ఇలాగే నోటికి వచ్చేవి.

ఇవాళ కొంచెం బాగానే ఉంది. చెయ్యి వెచ్చగా ఉంది.

ఫిబ్రవరి 26, గురువారం

రాయాలి. రాయకపోతే రేపు మర్చిపోయానని నాకు నేనే చెప్పుకుంటాను.

శివరాత్రి. తెల్లవారుజాము నుంచి ఊళ్ళో ప్రభల బళ్ళు, మైకులు, కోటప్పకొండకు వెళ్ళే జనం. ఫాదర్ గారు నిన్ననే కొండకు అవతలి పల్లెకు పూజకు వెళ్ళి ఉన్నారు. పొద్దున సిస్టర్‌కు ఊపిరి మారిందని ఆయనకు కబురు పంపారు. ప్రభలు రోడ్డుకు అడ్డం పడి ఒక్క బండి కదలడం లేదని, నడిచైనా వస్తానన్నారని తిరుగు కబురు వచ్చింది.

నేను వెళ్ళేసరికి గది నిండా ఉన్నారు. సిస్టర్లు, మార్తమ్మ. మందు కోసం మాచవరం నుంచి వచ్చిన ఆదెమ్మ వరుస వదిలి లోపలికి వచ్చేసింది, ఆమె పిల్లలందరినీ చేతుల్లోకి తీసుకున్నది సిస్టరే. ఎదురింటి ఖైరున్నీసా వాకిట్లో నిలబడి ఉంది. సిస్టర్ త్రేస్యమ్మ మరణావస్థలో చదివే జపాలు ఇంగ్లీషులో చదువుతున్నారు, తర్వాత తెలుగులో. సిస్టర్ బ్రిజిట్ కళ్ళు గది అంతా వెతుకుతున్నాయి. ఒక్కో మొహం దగ్గర ఆగి, తర్వాతి దానికి వెళ్తున్నాయి. ఆ చూపు నాకు తెలుసు. సమాధుల తోటలో చూశాను.

త్రేస్యమ్మ గారి జపం అయ్యేదాకా ఆగాలి. అది మర్యాద. ఆగలేదు. జనాన్ని తోసుకుని మంచం అంచున కూర్చుని, చెయ్యి పట్టుకుని నలభై ఒకటో పేజీ మొదలుపెట్టాను.

త్రేస్యమ్మ గారు జపం ఆపారు. నేను సార్జెంటును ఇంట్లోకి తీసుకువచ్చాను, అన్నానికి కూర్చోబెట్టాను. గుర్రం తుమ్మేచోట ఎప్పటిలాగే ఆగాను, ఆమె నవ్వడానికి. వెనక నుంచి అందరూ ఒక్కసారి, "ఆమెన్," అన్నారు.

తిరిగి చూశాను. మోకాళ్ళ మీద ఉన్నారు. ఆదెమ్మ కొంగు తల మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. ఖైరున్నీసా రెండు అరచేతులూ పైకెత్తి పట్టుకుంది. మార్తమ్మ, "లత్తీను జపమే తల్లీ, వెనకటి పెద్ద జపం," అని పక్కామెకు చెప్తోంది. గోడ దగ్గర ఫిలోమిన ఒక్కతే నిలబడి ఉంది, కళ్ళు పెద్దవి చేసుకుని.

కాదని చెప్పాలి. నలభై ఏళ్ళు పిల్లలను అబద్ధం ఆడనివ్వలేదు నేను. సిస్టర్ వేళ్ళు నా వేళ్ళను నొక్కాయి. కొనసాగించాను. కొడుకు కోటు విప్పి తల్లికి కప్పాడు. ఆగాను. "ఆమెన్." గుర్రం రెండోసారి తుమ్మింది. "ఆమెన్."

ఆమె ఎడమ చెంప కదిలింది. నవ్వడానికి అదొక్కటే మిగిలింది ఆమెకు. పెదవులు కూడా కదిలాయి. "మా హూ" అంది.

అంది. నాకు వినిపించింది. వినిపించిందనే రాస్తున్నాను.

సార్జెంటు డాక్టరు కోసం పరుగెత్తేచోట పేజీ అయిపోతుంది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. మూడోసారి చెబుతుండగా త్రేస్యమ్మ గారు నా భుజం మీద చేయి వేశారు.

ఫాదర్ గారు సాయంత్రానికి వచ్చారు. చెప్పులు తెగి, కాళ్ళ నిండా దుమ్ము.

ఫిబ్రవరి 27, శుక్రవారం

పెట్టె మూసేముందు త్రేస్యమ్మ గారు నా ఒళ్ళో ఉన్న పుస్తకాన్ని అడిగారు. సిస్టర్‌కు అంత ఇష్టమైన జపాల పుస్తకం సిస్టర్ దగ్గరే ఉండాలన్నారు. అట్టకు నేను క్రిస్మస్ తర్వాత కాగితం తొడిగాను, గుర్రం కనబడదు. ఇచ్చాను. జపమాల చుట్టిన చేతుల కింద పెట్టారు.

ఫిలోమిన నా చెవి దగ్గరకు వచ్చింది.

"నాయనమ్మా, చివరి అధ్యాయం?"

"ఆమె చదువుకుంటుందిలే," అన్నాను. "ఆమెకు వచ్చుగా."

యూనా పక్కనే గొయ్యి తీశారు. ఊరు ఊరంతా వచ్చింది. పురుడు పోసుకున్నవాళ్ళు, వాళ్ళ కడుపున పుట్టినవాళ్ళు, వీళ్ళ పిల్లలు. మజీద్ కొట్టు మూసి వచ్చాడు. ఫాదర్ గారి ప్రార్థనలు అయ్యాక ఆయన నా వైపు చూశారు. సిస్టర్ పోయేముందు టీచరమ్మ చెప్పిన జపం ఇక్కడ కూడా చెబితే బాగుంటుందని అందరూ కోరుతున్నారట.

ఫాదర్ గారు అడుగుతున్నారు. సమాధి దగ్గర. కాదనడానికీ అవుననడానికీ ఒకే ఒక్క క్షణం ఉంది. పందెం గుర్రం ఉన్న ఆ ఇంకో ఫాదర్ గుర్తుకొచ్చాడు. నా నోరు వంకర పోయింది, అది ఏడుపు అనుకున్నాను.

చెప్పాను. పుస్తకం లేకుండా, ఒక్క పలుకు తప్పకుండా. వాడు అన్నానికి వచ్చాడు, తెర వెనక గుర్రం తుమ్మింది. గీత ఉన్నచోట ఆగాను. మామూలుగా ఎంతసేపు ఆగుతానో అంతసేపు ఆగాను. తోట నిండా తలలు వంచుకుని ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ చోట నవ్వు లేకుండా ఎలా ఉంటుందో మొదటిసారి విన్నాను.

అప్పుడు నా వెనక ఫిలోమిన. రెండు చేతులతో ఓణీ నోట్లో కుక్కుకుంది, భుజాలు ఎగిరిపడుతున్నాయి, కళ్ళవెంట నీళ్ళు. అందరూ దాని వైపు జాలిగా చూశారు. ఆదెమ్మ వచ్చి వీపు నిమిరింది. "ఏడవబాక తల్లా, సిస్టరమ్మ సొర్గంలో ఉంది," అంది. పిల్ల ఇంకా ఊగిపోయింది.

దాని చెయ్యి వెతికి పట్టుకున్నాను. మిగతా పేజీ చెప్పాను. తర్వాత దానికి మాత్రమే వినబడేలా, "మా హూ," అన్నాను. అది నవ్వడం ఆపేసి ఏడ్చింది.

మార్చి 4, విభూది బుధవారం

ఈస్టరు దాకా సరదాలు మానుకోవాల్సిన తపస్సు కాలం ఇవాళ మొదలు. నుదుట విభూది పెట్టించుకుని మఠానికి వెళ్ళాను. డిస్పెన్సరీ జమాఖర్చులు రాశాను. సరిపోయాయి. పక్క గది కిటికీ తెరిచి ఉంది, మంచం మీద పరుపు చుట్టి పెట్టారు. చాలాసేపు కూర్చున్నాను. ఏమీ వినబడలేదు.

తిరిగి వచ్చేదారిలో మజీద్ లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

సాయంత్రం ఫిలోమిన పరుపు దులుపుతుంటే కింద ఏమీ లేదు. ఎప్పటి నుంచో లేదట. తెచ్చుకోవడం మానేసిందట. మజీద్ దగ్గర ఒకటి తెమ్మన్నాను, నవ్వొచ్చేది. నా కళ్ళు ఆనవు, నువ్వే గట్టిగా చదవాలన్నాను.

"తపస్సు కాలంలోనా నాయనమ్మా?"

తెమ్మన్నాను. చివరి పేజీలు లేకపోయినా పర్వాలేదన్నాను.